పక్కవాద్యం వైపు నుంచి పది జాజ్ రికార్డులు

పదేళ్ళ క్రితం నా మిత్రుడొకడు "జాజ్ వినాలనుంది, ఏవి కొనాలో రాసివ్వరా" అని అడిగాడు. ఒక్క రాత్రి కూర్చుని పాతిక పేర్లు రాసిచ్చాను. మేమిద్దరం ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్నవాళ్ళం. వాడు ఏ పని మొదలుపెట్టినా శ్రద్ధగా చేస్తాడు. పాతికా కొన్నాడు. పోయిన చలికాలం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూస్తే అవన్నీ అలమరలో వరసగా, నేనిచ్చిన క్రమంలోనే ఉన్నాయి. సగానికి పైగా వాటికి ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు.

"ఏంటిరా ఇది?" అన్నాను.

"మొదట్లో విన్నాను రా. ఒకడు ఊదుతాడు, బాగానే ఉంటుంది. తర్వాత ఇంకొకడు ఊదుతాడు, అదీ బాగానే ఉంటుంది. అందులో ఏం వినాలో నాకు తెలీలేదు. నీకు ఫోన్ చేసి అడగడానికి సిగ్గేసింది."

సిగ్గుపడాల్సింది నేను. ఆ పాతిక నేను ఎంచినవి కావు. ఎక్కడెక్కడో చదివిన జాబితాల్లోంచి, అందరూ గొప్పవన్నవి ఏరి, క్రమం మార్చి రాశాను. ఫలానా రికార్డులో నాకేం దొరికిందో ఒక్కదాని గురించీ ఒక్క ముక్క రాయలేదు. వాడిప్పుడు రిటైరయ్యాడు. ఇల్లు అమ్మేసి, కూతురుండే ఊళ్ళో చిన్న అపార్ట్‌మెంటుకు మారుతున్నాడు. "ఈసారి పది చెప్పు. మిగతావి లైబ్రరీకి ఇచ్చేస్తా" అన్నాడు. కిందటి తప్పు మళ్ళీ చేయకూడదని నెల రోజులు తీసుకుని వాడికో ఉత్తరం రాశాను. దాన్నే కొంచెం పెంచి ఇక్కడ పెడుతున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా వచ్చిన కొత్తలో న్యూజెర్సీలో ఒక పాత అపార్ట్‌మెంటులో ఉండేవాణ్ణి. కింది వాటాలో ఒక పెద్దాయన సాయంత్రాలు రికార్డులు పెట్టుకునేవాడు. నేల గుండా ట్రంపెట్ రాదు, పియానో రాదు. బేస్ ఒక్కటే వస్తుంది. ఒకరోజు అలా వచ్చిన బేస్ నన్ను పని చేసుకోనివ్వలేదు. ఎక్కడా తొందర లేదు. దమ్ అని ఒక స్వరం, దాని పక్కన ఇంకోటి, మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతున్నట్టు. ఉండబట్టలేక కిందికెళ్ళి తలుపు కొట్టి అదేమిటని అడిగాను. ఆయన కవరు తెచ్చి చూపించాడు. కైండ్ ఆఫ్ బ్లూ. అందులోని రెండో పాట, 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'. ఆ రికార్డు అప్పటికి నాలుగేళ్ళుగా నా దగ్గరుంది. వందసార్లయినా విని ఉంటాను. ఆ బేస్‌ని మాత్రం పోల్చుకోలేకపోయాను.

మా ఇంట్లో చిన్నప్పుడు రేడియోలో కచేరీ అయ్యాక గాత్రం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని పేరుపేరునా చెప్పేవాళ్ళు. ఉత్సవాల్లో తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోయే జనాన్ని చూసి మా బాబాయి "పక్కవాద్యం వినని వాడికి పాటేం తెలుస్తుందిరా" అని విసుక్కునేవాడు. అలాంటి ఇంట్లో పెరిగి, జాజ్ దగ్గరికొచ్చేసరికి నేనూ కాఫీకి లేచిపోయే జనంలో కలిశానన్నమాట. జాజ్ క్లబ్బుల్లో కూడా బేస్ సోలో మొదలైతే కబుర్లు మొదలవుతాయని ఒక పాత జోకుంది.

అందుకని ఈ పదీ పక్కవాద్యం వైపు నుంచి ఎంచాను. కవరు మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు వినడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, అది తనే వినిపిస్తుంది. వెనక ఉన్నవాణ్ణి వినడం మొదలుపెడితే, ముందున్నవాడు అప్పుడే ఆ మలుపు ఎందుకు తిరిగాడో తెలుస్తుంది. పైగా ఒక రికార్డులో నచ్చిన పక్కవాద్యగాడు ఇంకో రికార్డుకు దారి చూపిస్తాడు. ఈ జాబితా క్రమం కూడా అలా వచ్చిందే.

1. కైండ్ ఆఫ్ బ్లూ (మైల్స్ డేవిస్, 1959)

దీన్ని ఎవరైనా చెప్తారు. కానీ ఈసారి బేస్ పాల్ చేంబర్స్ కోసం, డ్రమ్స్ జిమ్మీ కాబ్ కోసం వినాలి. మొదటి పాట 'సో వాట్'లో పల్లవి చెప్పేది ట్రంపెట్ కాదు, బేస్. మిగతావాళ్ళు రెండే రెండు తీగ దెబ్బల్లా "ఔను" అంటారు. మైల్స్ సోలో ఎత్తుకునే క్షణంలో కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ మోత గాల్లో కరిగేదాకా మైల్స్ తొందరపడడు. ఆ తర్వాత చేంబర్స్ నడక మొదలవుతుంది. లెక్కకు ఒక స్వరం చొప్పున బేస్ ఇలా నడవడాన్నే జాజ్‌లో 'వాకింగ్' అంటారు.

దీన్ని 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో, న్యూయార్క్‌లో ఒకప్పటి చర్చిని మార్చి కట్టిన కొలంబియా స్టూడియోలో రికార్డు చేశారు. ఆ ఏప్రిల్ 22 చేంబర్స్ ఇరవై నాలుగో పుట్టినరోజు. 33 ఏళ్ళకే, 1969లో, క్షయతో పోయాడు. ఆ రోజుల్లో పక్కవాద్యగాళ్ళకు సెషన్‌కి ఇంతని యూనియన్ రేటు ముట్టేది. రాయల్టీలు పెద్దక్షరాల పేరువి. అమెరికాలోనే యాభై లక్షలు దాటిన రికార్డు ఇది. విన్నప్పుడల్లా ఆ లెక్క కూడా నాకు గుర్తొస్తుంది.

కొనేవాళ్ళకు ఒక మాట. మార్చి 2 నాడు టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరగడంతో మొదటి మూడు పాటలూ పాత ముద్రణల్లో శ్రుతి కాస్త హెచ్చుగా వినిపిస్తాయి. 1990ల్లో వచ్చిన ముద్రణల్లో దాన్ని సరిచేశారు. అవే కొనండి.

2. బ్రిలియంట్ కార్నర్స్ (థెలోనియస్ మంక్, 1957)

చేంబర్స్ ఇందులో చివరి పాటకు మాత్రం ఉంటాడు. ఆ పాట 'బెంషా స్వింగ్'. అయితే ఈ రికార్డును ముందు మొదటి పాట కోసం ఉంచుకోవాలి. ఆవర్తనం మామూలుగా ఉండే 32 బార్లు కాదు, 22. ఒకసారి నెమ్మదిగా, వెంటనే రెట్టింపు వేగంలో, మళ్ళీ నెమ్మదిగా. టెనర్ శాక్సఫోన్ సోనీ రాలిన్స్, బేస్ ఆస్కర్ పెటిఫోర్డ్, డ్రమ్స్ మాక్స్ రోచ్. ఆ కాలంలో వీళ్ళను మించినవాళ్ళు అరుదు. అలాంటివాళ్ళు 25 సార్లు ప్రయత్నించినా చివరిదాకా ఒక్కసారి కూడా కుదరలేదు. చివరికి నిర్మాత ముక్కలు అతికి పాట తయారుచేశాడు.

ఇది తెలిశాక వింటే ఆ పాటలో భయం వినిపిస్తుంది. ఎవరూ ఒళ్ళు మరిచి వాయించరు, ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. మంక్ పియానోలో తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ఊహించడం కష్టం, పడ్డాక మాత్రం అక్కడే పడాలనిపిస్తుంది. 'బెంషా స్వింగ్'లో రోచ్ మామూలు డ్రమ్స్‌తో పాటు, స్టూడియోలో కనబడిన పెద్ద టింపనీని కూడా వాయించాడు. మేడ మీద ఉరుము లాంటి ఆ మోత వినిపించినప్పుడు నాకిప్పటికీ నవ్వొస్తుంది.

3. మనీ జంగిల్ (డ్యూక్ ఎలింగ్టన్, 1963)

రోచ్ చెయ్యి పట్టుకుని ఇక్కడికి రావచ్చు. 1962 సెప్టెంబర్ 17న ఎలింగ్టన్‌కి 63 ఏళ్ళు, బేస్ చార్ల్స్ మింగస్‌కి 40, రోచ్‌కి 38. మింగస్‌కి ఎలింగ్టన్ అంటే దేవుడు. 1953లో కొద్ది రోజులు ఆయన బృందంలో పనిచేశాడు కూడా. ఇంకో వాద్యగాడితో కొట్లాట పెట్టుకుంటే ఆయనే తీసేశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే గదిలో. సెషన్ మధ్యలో మింగస్ కోపంతో బేస్ సర్దుకుని వెళ్ళిపోబోతే ఎలింగ్టన్ బతిమాలి వెనక్కి తెచ్చాడట.

ఆ కోపం మొదటి పాటలోనే ఉంది. మింగస్ తీగను మీటడు, పీకుతాడు. తెగిపోతుందేమో అన్నట్టు లాగి వదులుతాడు. పక్కవాద్యం అంటే సర్దుకుపోవడం అనుకునేవాళ్ళు దీన్ని వినాలి. తర్వాత 'ఫ్లూరెట్ ఆఫ్రికేన్' అనే చిన్న పాట వినాలి. అక్కడ అదే మింగస్ తీగల్ని వణికిస్తూ, ఆకుల మీద గాలిలా, ఆ ముసలాయన వాయించే నాలుగు స్వరాల చుట్టూ తిరుగుతాడు. కొట్లాడినవాడూ కొలిచినవాడూ ఒకడే.

4. మింగస్ ఆ అమ్ (చార్ల్స్ మింగస్, 1959)

బేస్ వాయించేవాడే నాయకుడైతే ఏమవుతుందో ఇక్కడుంది. మింగస్ రాసిన పాటల్ని కాగితాల మీద ఇవ్వడం కన్నా, వాయించి, పాడి, చెవిన వేసి నేర్పడం ఇష్టపడేవాడు. గురుముఖతః అని మనం అనేదే. చూసి వాయించడంలో లేనిది, విని నేర్చుకోవడంలో ఉండేది ఏమిటో మొదటి పాటలో తెలుస్తుంది. చప్పట్లు, కేకలు, వెనక మింగస్ అరుపులు. చర్చి ఆవరణలో నిలబడ్డట్టుంటుంది.

'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' అనే పాట అర్కన్సా గవర్నర్ ఫాబస్ మీద ఎత్తిపొడుపు. 1957లో లిటిల్ రాక్‌లో నల్లపిల్లల్ని తెల్లవాళ్ళ బడిలోకి రానీకుండా సైనికుల్ని నిలబెట్టినవాడు. కొలంబియా ముద్రణలో మాటలు లేవు. 1960లో వేరే కంపెనీకి మాటలతో పాడాడు. అయినా ఇక్కడ మాటలు లేకుండానే వెక్కిరింత తెలిసిపోతుంది.

మూడోది, నాకన్నిటికన్నా ఇష్టమైనది, 'గుడ్‌బై పోర్క్ పై హాట్'. చదునైన టోపీ పెట్టుకునే లెస్టర్ యంగ్ అనే శాక్సఫోన్ వాద్యగాడు 1959 మార్చిలో పోయాడు. రెండు నెలలు తిరక్కుండా మే నెలలో మింగస్ రికార్డు చేసిన నివాళి ఇది. అక్కణ్ణుంచి లెస్టర్ దగ్గరికి వెళ్ళక తప్పదు.

5. బిల్లీ హాలిడే, లెస్టర్ యంగ్ కలిసి చేసిన పాటలు (1937–38)

ఇవి ఆల్బమ్‌గా వచ్చినవి కావు. ఒక్కోటి మూడు నిమిషాల 78 ఆర్‌పీఎం రికార్డులు. వాళ్ళిద్దరూ కలిసి చేసినవి ఒక్కచోట ఉన్న ఏ సంకలనమైనా సరే, 'దిస్ ఇయర్స్ కిసెస్' అనే పాట ఉందో లేదో చూసి కొనండి. 1937 జనవరిలో, టెడ్డీ విల్సన్ బృందంతో, వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి సెషన్ అది.

అప్పుడు సినిమాల కోసం, నాటకాల కోసం వారానికో డజను పాటలు పుట్టేవి, చాలావరకు చెత్త. బిల్లీ ఆ చెత్తనే తీసుకుని, వరసను కొంచెం వెనక్కి లాగి, లెక్క కన్నా ఆలస్యంగా మాటను వదులుతుంది. లెస్టర్ ఆవిడ వెనకనుంచి, మాటకీ మాటకీ మధ్యనున్న జాగాలో రెండు ముక్కలు అంటాడు. వయొలిన్ గాత్రానికి చేసే పనే. ఆవిడకి 'లేడీ డే' అని పేరు పెట్టింది అతనే. అతన్ని 'ప్రెజ్' అని పిలిచింది ఆవిడ. 1957 డిసెంబర్లో ఒక టీవీ కార్యక్రమంలో ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసి వాయించారు. లెస్టర్ సోలో వాయిస్తున్నప్పుడు కెమెరా బిల్లీ ముఖం చూపిస్తుంది. అతను 1959 మార్చిలో పోతే, ఆవిడ అదే ఏడాది జులైలో పోయింది.

6. ఎ నైట్ ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్ (సోనీ రాలిన్స్, 1957)

మంక్ దగ్గర కష్టపడ్డ రాలిన్స్ ఏడాది తర్వాత పియానోనే తీసేశాడు. మంక్ మీద కోపంతో కాదు. పియానో ఎప్పుడూ "ఇదిగో ఇప్పుడీ స్వరస్థానంలో ఉన్నాం" అని కింద గీత గీస్తూ ఉంటుంది. ఆ గీత లేకుండా నడిచి చూద్దామని. శాక్సఫోన్, బేస్, డ్రమ్స్, అంతే. న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో నేలమాళిగలో ఉండే చిన్న క్లబ్బది. 1957 నవంబర్ 3, ఆదివారం.

సాయంత్రం పాటల్లో బేస్ విల్బర్ వేర్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. వేర్ చాలా తక్కువ వాయిస్తాడు. ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ, కొంచెం జరిపి. ఎల్విన్ చాలా ఎక్కువ వాయిస్తాడు. ఈ ఇద్దరి మధ్యా రాలిన్స్ ఒక చిన్న ముక్క పట్టుకుని తిప్పి తిప్పి చూస్తూ ఉంటాడు. మనవాళ్ళు నెరవల్లో చేసే పని దీనికి దగ్గరగా ఉంటుంది. కొత్తవాళ్ళకు మొదటిసారి ఖాళీగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మూడోసారికి ఆ ఖాళీలో వేర్ ఏం చేస్తున్నాడో తెలిసింది.

7. ఎ లవ్ సుప్రీమ్ (జాన్ కోల్ట్రేన్, 1965)

ఎల్విన్ జోన్స్‌ని పట్టుకుని ఇక్కడికి. 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఒక్కరోజులో చేసిన రికార్డు. నాలుగు భాగాలు. కోల్ట్రేన్ దేవుడికి రాసుకున్న కృతజ్ఞత అని కవరు మీదే చెప్తాడు. దాంతో అందరూ కోల్ట్రేన్ భక్తిని వింటారు, నేనూ అదే చేసేవాణ్ణి. ఇప్పుడు జిమ్మీ గారిసన్ బేస్‌ని వినండి. మొదటి భాగంలో అతను పట్టుకునేది నాలుగే నాలుగు స్వరాలు. కోల్ట్రేన్ ఆ నాలుగింటినీ పన్నెండు శ్రుతుల్లోకీ తీసుకెళ్ళి తిప్పి తెస్తాడు. తర్వాత ఆ స్వరాల మీదే రికార్డు పేరును గొంతుతో జపంలా అంటాడు. గొంతులు ఆగిపోతాయి, పియానో ఆగిపోతుంది, డ్రమ్స్ ఆగిపోతాయి. గారిసన్ ఒక్కడే మిగులుతాడు. పూజ అయ్యాక దీపం దగ్గర ఒక్కరే కూర్చున్నట్టుంటుంది.

మూడో భాగం ఎల్విన్ ఒంటరి డ్రమ్స్‌తో మొదలై గారిసన్ ఒంటరి బేస్‌తో ముగుస్తుంది. అంటే రికార్డు మధ్యలో తని ఆవర్తనం ఉంది. దానికి లేచిపోతే, ఆఖరి భాగంలో కోల్ట్రేన్ తను రాసిన ప్రార్థనను శాక్సఫోన్ మీద మాట మాటగా చదివేటప్పుడు ఆ నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

8. సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్ (బిల్ ఎవన్స్, 1961)

అదే నేలమాళిగ, ఇంకో ఆదివారం. 1961 జూన్ 25. కైండ్ ఆఫ్ బ్లూలో ఎక్కువ పాటలకు పియానో వాయించిన బిల్ ఎవన్స్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. మధ్యాహ్నం, సాయంత్రం కలిపి అయిదు సెట్లు. లఫారో నడిచే బేస్ వాయించడు. పియానో ఒక మాటంటే దానికి జవాబు చెప్తాడు, కొన్నిచోట్ల అడ్డం వస్తాడు, కొన్నిచోట్ల తనే ముందుకెళ్తాడు. ఎవరు నాయకుడో, ఎవరు పక్కవాద్యమో చెప్పడం కష్టం.

పదకొండు రోజుల తర్వాత, జులై 6న, కారు ప్రమాదంలో లఫారో పోయాడు. వయసు 25. ఎవన్స్ నెలల తరబడి రికార్డింగుకు వెళ్ళలేదు. ఆ అయిదు సెట్లలోంచి మొదటి ఆల్బమ్ ఎంచినప్పుడు లఫారో సొంత రచనతో మొదలుపెట్టి, ఇంకో సొంత రచనతో ముగించారు. కవరు మీద అతని పేరు కూడా వేశారు. ఇదే రోజు పాటలతో వచ్చిన 'వాల్ట్జ్ ఫర్ డెబీ' ఎక్కువమందికి తెలుసు, మరింత మధురం కూడా. ఒకటే ఉంచుకోవాలంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

బేస్ వాయిస్తున్నప్పుడు వెనక గ్లాసుల చప్పుడు, ఎవరివో మాటలు, నవ్వులు వినిపిస్తాయి. వాళ్ళను తిట్టుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత మానేశాను. వందసార్లు విని గుర్తుపట్టనివాడికి తిట్టే హక్కెక్కడిది?

9. ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్ (ఆర్నెట్ కోల్మన్, 1959)

ఇక్కడా పియానో లేదు. ఆర్నెట్ ప్లాస్టిక్ శాక్సఫోన్ వాయించాడు. ఇతనికి సంగీతం రాదన్నవాళ్ళున్నారు, ఇదే రేపటి సంగీతమన్నవాళ్ళున్నారు. ఆ తగువు పక్కనపెట్టి బేస్ చార్లీ హేడెన్‌ని వినండి. అప్పటికి 21 ఏళ్ళు. పల్లెపాటలు పాడే కుటుంబం, మాటలు వస్తూనే రేడియోలో పాడినవాడు, పోలియోతో గొంతు దెబ్బతిని బేస్ పట్టాడు. 'లోన్లీ వుమన్'లో డ్రమ్స్ పరిగెడుతూ ఉంటాయి. పైన శాక్సఫోన్, కార్నెట్ కలిసి నెమ్మదిగా ఏడుస్తూ ఉంటాయి. మధ్యలో హేడెన్ తంబురా లాగా ఒక ఆధారం పట్టుకుని నిలబడతాడు. పల్లెపాట తెలిసినవాడి ఓపిక అది. అతను లేకపోతే పైన వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో కొలవడానికి మనకు గుర్తు ఉండేది కాదు.

10. నెఫర్‌టీటీ (మైల్స్ డేవిస్, 1968)

మైల్స్ దగ్గర మొదలుపెట్టాం, మైల్స్ దగ్గరే ఆపుదాం. ఇది 1967లో రికార్డు చేసింది. శాక్సఫోన్ వేన్ షార్టర్, పియానో హెర్బీ హాన్‌కాక్, బేస్ రాన్ కార్టర్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. పదిహేడేళ్ళకు మైల్స్ దగ్గర చేరిన కుర్రాడు టోనీ, అప్పటికి 21. షార్టర్ రాసిన మొదటి పాటలో ట్రంపెట్, శాక్సఫోన్ ఒక్క సోలో కూడా వాయించరు. దాదాపు ఎనిమిది నిమిషాలు అదే వరసను మళ్ళీ మళ్ళీ చెప్తారు, అంతే. మనోధర్మమంతా కింద జరుగుతుంది. ప్రతి ఆవృత్తికీ టోనీ డ్రమ్స్ ఇంకొంచెం పొంగుతాయి, సర్దుకుంటాయి, మళ్ళీ పొంగుతాయి. నాయకుడు తంబురా పట్టుకుని కూర్చుని, మృదంగాన్ని కచేరీ చెయ్యమన్నట్టు. మిగతా తొమ్మిదీ విన్నాక దీనికి వస్తే, వినవలసింది ఎక్కడుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఈ జాబితాలో లోపాలు నాకు తెలుసు. 1967తో ఆగిపోయింది. ఆడవాళ్ళలో బిల్లీ ఒక్కతే ఉంది. మేరీ లూ విలియమ్స్, ఆలిస్ కోల్ట్రేన్ లేరు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లేకపోవడాన్ని ఎవరూ క్షమించకూడదు. పది అన్నాడు కాబట్టి పది. ఇదీ పాతిక పేర్ల జాబితా లాంటిదే కాకుండా ఉండాలంటే ఒక్కటే దారి. ఒక్కో రికార్డుకు ఒక్క మనిషిని పట్టుకుని, ఒక నెల అతన్ని తప్ప ఇంకెవర్నీ పట్టించుకోకుండా వినడం. ముందున్నవాడు ఎక్కడికీ పోడు. వీలైతే పక్కగదిలో పెట్టి, తలుపు మూసి, ఒకసారి వినండి.

మొన్న వాడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కొత్త ఇంట్లో సర్దుకున్నాడు.

"తొమ్మిది ఉంచాను రా. ఆర్నెట్‌ని లైబ్రరీకి ఇచ్చేశాను. నువ్వు చెప్పిన తంబురా నాకు వినిపించింది గానీ, పైన ఆ గోల నా వల్ల కాలేదు."

"మరి పదోది?"

"ఎలింగ్టన్ ఎట్ న్యూపోర్ట్. నీ పాత పాతికలోదే. ఇచ్చేసేముందు ఒకసారి విందామని పెట్టాను."

1956 జులై 7, న్యూపోర్ట్ ఉత్సవంలో ఎలింగ్టన్ బృందంలోని పాల్ గొన్సాల్వెస్ అనే శాక్సఫోన్ వాద్యగాడు ఒక పాట మధ్యలో లేచి, ఆగకుండా 27 ఆవర్తనాలు వాయించాడు. జనం కుర్చీల్లోంచి లేచిపోయారు. కానీ అతను నిలబడింది రికార్డు కంపెనీ మైకు ముందు కాదు. పక్కన రేడియో వాళ్ళ మైకు ముందు. దాంతో ఆ ఎల్‌పీలో అతను దూరంగా, సన్నగా వినిపించేవాడు. రేడియో వాళ్ళ టేపు దొరికాక రెండూ కలిపి 1999లో మళ్ళీ వేశారు. అతను సరిగ్గా వినిపించడానికి 43 ఏళ్ళు పట్టింది.

ఇదంతా నాకు తెలుసు. అయినా నా పదిలో అది లేదు. వాడు ఫోన్లో, నాకేదో కొత్త సంగతి చెప్తున్నట్టు, 27 ఆవర్తనాలూ ఎలా లెక్కపెట్టాడో చెప్పుకొచ్చాడు. పద్దెనిమిదో దాని దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి పెట్టాడట. నేను అడ్డు చెప్పకుండా విన్నాను. పెట్టేశాక నా అలమరలోంచి ఆ రికార్డు తీశాను. నా జాబితాలో కూడా దానికి చోటివ్వాలి. ఏది తీసెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.